ఉద్యోగం ఆగాక వైద్యం ఖర్చు: మా ఇంట్లో వేసుకున్న లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేదాన్ని. 2025 నవంబరులో 58 నిండి రిటైరయ్యాను. ఆ ఏడాదంతా కనిపించినవాళ్లల్లా పీఎఫ్ ఎంత వస్తుంది, గ్రాట్యుటీ ఎంత వస్తుంది అనే అడిగారు. కంపెనీ ఇచ్చిన రిటైర్మెంట్ కాగితంలో చివర్న ఒక లైను ఉంది: గ్రూప్ మెడికల్ ఇన్సూరెన్స్ ఆఖరి పనిదినంతో ముగుస్తుందని. దాని ఊసు ఒక్కరూ ఎత్తలేదు. మా ఇంట్లో మాత్రం టెన్షన్ అంతా ఆ లైను గురించే. మా ఆయనకు 63 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, 2021లో స్టెంట్ వేశారు. ఆయనది గవర్నర్‌పేటలో చిన్న ఎలక్ట్రికల్ షాపు, అందుకని ఆయనకు ఇన్సూరెన్స్ అంటే నా కంపెనీదే. నాకు బీపీ. మా దగ్గరే ఉండే అత్తగారికి 84. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటోంది.

ఏ పాలసీ మంచిదని అడగడానికి ముందు అసలు ఏటా ఎంత ఖర్చవుతోందో తెలియాలి కదా. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే హిస్టరీ, డ్రాయరులో పడేసిన మెడికల్ షాపు బిల్లులు ముందేసుకుని 2024 మొత్తానికి ఒక షీటు తయారు చేశాను. ముగ్గురి మందులు నెలకు సుమారు 6,800. మూడు నెలలకోసారి షుగరుకు, కిడ్నీకి, కొలెస్ట్రాల్‌కు రక్త పరీక్షలు (హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, లిపిడ్ ప్రొఫైల్). గుండె డాక్టరు ఫీజు, ఏడాదికోసారి గుండె స్కాన్ (ఎకో). మా ఆయన పంటికి రూట్ కెనాల్, పైన క్యాప్. అత్తగారి కళ్లజోడు, వినికిడి మిషన్ బ్యాటరీలు. ఆటో ఛార్జీలు వదిలేసినా మొత్తం 1,42,000 తేలింది. ఆ సంవత్సరం మాలో ఎవరూ ఆసుపత్రిలో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. అంటే ఈ మొత్తంలో ఏ మామూలు పాలసీ అయినా ఒక్క రూపాయి ఇచ్చేది కాదు. ఇన్సూరెన్స్ తీసుకుంటే వైద్యం సంగతి తేలిపోయినట్టే అనుకునేవాళ్లకు ఈ షీటు చూపిస్తుంటాను.

దీనికన్నా పెద్ద పాఠం 2023లోనే చూశాం. అత్తగారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, మందులు, రూము అన్నీ కలిపి ఆసుపత్రి బిల్లు 2,10,000. మా కంపెనీ పాలసీలో అత్తమామలకు కవరేజీ లేదు, అన్నదమ్ములు ముగ్గురూ పంచుకుని కట్టారు. అక్కడికి ఖర్చు ఆగిందనుకున్నాం. ఇంటికొచ్చాక మొదలైంది. రాత్రీ పగలూ ఉండే ఆయాకు నెలకు 20,000, ఆమె భోజనం మన దగ్గరే. పైకీ కిందికీ తిప్పే మంచం అద్దెకు, పుండ్లు పడకుండా గాలి పరుపు కొన్నాం. పెద్దవాళ్ల డైపర్లు రోజుకు మూడు, ఒక్కోసారి నాలుగు. ఫిజియోథెరపిస్టు ఇంటికొస్తే ఒక్కసారికి 500. అత్తగారు వాకర్ పట్టుకుని వంటింటిదాకా నడిచేనాటికి ఇంట్లో అయిన ఖర్చు ఆసుపత్రి బిల్లును దాటేసింది. దాన్ని పంచుకోవడానికి మాత్రం అన్నదమ్ములు ఎవరూ అంత ఉత్సాహం చూపలేదు. ఆసుపత్రి బిల్లు ఒక కాగితం, వాట్సాప్‌లో పెడితే అందరికీ కనిపిస్తుంది. ఆయా జీతం, డైపర్లు ఎవరింట్లో జరుగుతున్నాయో వాళ్లకే కనిపిస్తాయి.

మా తోటికోడలు ఒకరోజు ఫోన్లో, "అక్కా, మీకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా, ఇవన్నీ క్లెయిమ్ చేసుకోకూడదా?" అంది. పాలసీ ఉన్నా డిశ్చార్జి తర్వాత అరవై రోజులో తొంభై రోజులో మందులకు, పరీక్షలకు ఇస్తారు గానీ ఆయా జీతం ఇవ్వరని చెప్పాను. ఆమెకు నమ్మకం కుదరలేదు. నిజం చెప్పాలంటే పాలసీ పుస్తకం చదివేదాకా నాకూ తెలియదు.

అందుకని ప్లాను వేసేటప్పుడు ఆసుపత్రి ఖర్చుకు ఒక పద్దు, బయట ఖర్చుకు ఒక పద్దు వేరువేరుగా రాసుకున్నాను. మొదటిదానికి బీమా. రెండోదానికి మన డబ్బే.

ముందు ప్రభుత్వం వైపు నుంచి ఏమైనా ఉందేమో చూశాను. మా పెద్ద బావగారు రిటైరైన టీచరు, ఆయనకు పెన్షనర్ల హెల్త్ కార్డు, అంటే ప్రభుత్వ ఉద్యోగులకు ఉండే వైద్య పథకం ఈహెచ్‌ఎస్ ఉంది. నాకు వచ్చేది పీఎఫ్ వాళ్లిచ్చే ఈపీఎస్ పెన్షన్, నెలకు 4,000 చిల్లర. దాని వెంట వైద్యం సదుపాయం ఏమీ రాదు. తక్కువ జీతాలవాళ్లకు ఉండే ప్రభుత్వ వైద్య బీమా ఈఎస్‌ఐ కూడా లేదు, నా జీతం దాని పరిమితి 21,000 ఎప్పుడో దాటింది. కానీ మా ప్యాకింగ్ సెక్షన్ వాళ్లలో ఈఎస్‌ఐలో ఉండగానే రిటైరయ్యేవాళ్లున్నారు. కనీసం ఐదేళ్లు ఈఎస్‌ఐ కట్టి, వయసు నిండి రిటైరైతే ఏడాదికి 120 రూపాయలు కడితే చాలు, భార్యాభర్తలిద్దరికీ ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది. నెలకు కాదు, ఏడాదికే 120. ఈ సంగతి మా దగ్గర చాలామందికి తెలియదు. నాకంటే ముందు రిటైరైన ఒకావిడ ఈఎస్‌ఐ కార్డు పనికిరాదనుకుని బీరువాలో పెట్టేసింది. చెప్పగానే వెళ్లి కట్టి వచ్చింది.

అత్తగారికి మాత్రం దారి దొరికింది. 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను 70 దాటిన అందరికీ ఇచ్చింది, ఆదాయంతో పనిలేదు. వయ వందన కార్డు అంటారు. కుటుంబంలో 70 దాటినవాళ్లకు కలిపి ఏడాదికి 5 లక్షలు, పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే. ఆధార్ ఉంటే ఆయుష్మాన్ యాప్‌లో మనమే చేసుకోవచ్చు. ఆమె వేలిముద్రలు అరిగిపోయి ఎప్పుడూ పడవు. ఆధార్‌కు మా ఆయన ఫోన్ నంబరు ఇచ్చి ఉండబట్టి ఓటీపీతో పనైపోయింది. పెద్దవాళ్ల ఆధార్‌కు ఇంట్లో తిరిగే ఫోను లింకై ఉందో లేదో ముందు చూసుకోండి, మిగతాదంతా తేలికే. అయితే ఈ కార్డు ఓపీకి పనిచేయదు. ఆసుపత్రిలో చేరితేనే, అదీ లిస్టులో ఉన్న ఆసుపత్రిలో, వాళ్లు ఏ విభాగానికి ఒప్పుకున్నారో ఆ విభాగంలోనే. మా ఇంటికి దగ్గర్లో ఎముకలకు ఎక్కడ, గుండెకు ఎక్కడ అని వెతికి రాసి పెట్టుకున్నాను. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు ప్యాకేజీలోనే వస్తాయి. ఆయా ఖర్చు ఇక్కడా రాదు.

మా ఆయనకు 70 రావాలంటే 2032. అప్పటిదాకా ప్రైవేటు పాలసీయే శరణ్యం.

ఇక్కడ నాకు కలిసొచ్చింది ఒకటుంది. ఆయనకు స్టెంట్ వేసిన మరుసటి ఏడాది, 2022 జూన్‌లో, కంపెనీ పాలసీ ఉండగానే ఇద్దరికీ విడిగా ఒక సూపర్ టాప్-అప్ తీసుకున్నాను. మొదటి 5 లక్షలు అది ఇవ్వదు. ఆ పైన 20 లక్షల దాకా ఇస్తుంది. ఆ 5 లక్షలు మన జేబు నుంచి కట్టినా, వేరే పాలసీ నుంచి వచ్చినా దానికి సంబంధం లేదు. మామూలు టాప్-అప్ అయితే ఒక్కో అడ్మిషన్‌ను విడిగా చూస్తుంది. సూపర్ అన్నది ఏడాదిలో అయిన బిల్లులన్నీ కలిపి చూస్తుంది. ఏడాదికి రెండు మూడుసార్లు చేరే అవకాశం ఉన్నవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. స్టెంట్ సంగతి రాశాం గనుక ప్రీమియం కొంచెం పెంచారు, పాత జబ్బులకు 48 నెలల వెయిటింగ్ పెట్టారు, అంటే అన్నాళ్లూ ఆ జబ్బులకు డబ్బు ఇవ్వరు. తర్వాత బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనలు మారి 2024 ఏప్రిల్ నుంచి ఆ వెయిటింగ్ 36 నెలలకు మించకూడదన్నారు. మాకూ రెన్యువల్‌లో 36 అని మారింది. రిటైరయ్యేనాటికి అది పూర్తయి కూర్చుంది. ఉద్యోగంలో ఉండగా వెయిటింగ్ గడిచిపోవడం అంటే, ఆ మూడేళ్లూ కంపెనీ పాలసీ కాపు కాస్తుండగా మనది పక్కన ముదురుతుందన్నమాట. యాభై దాటిన నా కొలీగ్స్‌కు నేను చెప్పే మొదటి మాట ఇదే.

మిగిలింది కింది 5 లక్షలు. దానికి కొత్త పాలసీ కోసం ఒక ఏజెంటును పిలిచాం. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరనే పాత మాట ఇప్పుడు చెల్లదు, 2024 నిబంధనల్లో ఆ వయసు పరిమితి తీసేశారు. కానీ ఇవ్వొచ్చు అనడం వేరు, ఇవ్వడం వేరు. ఒక కంపెనీ మా ఆయన రిపోర్టులు చూసి కుదరదంది. ఏజెంటు అప్పుడు, "మేడం, స్టెంట్ సంగతి రాయకండి. ఐదేళ్లు ఎలాగోలా గడిస్తే ఆ తర్వాత ఎవరూ అడగరు" అన్నాడు. అతను చెప్పేది మారటోరియం గురించి. వరసగా 60 నెలలు పాలసీ నడిస్తే, ఆ తర్వాత మీరు ఫలానాది దాచారని క్లెయిమ్ తిరగ్గొట్టడానికి లేదు. గతంలో ఇది ఎనిమిదేళ్లు ఉండేది. కానీ మోసం అని రుజువైతే ఆ రక్షణ ఉండదు. గుండెలో స్టెంట్ పెట్టుకుని లేదని రాయడాన్ని మరేమంటారు? పైగా ఆ ఐదేళ్ల లోపు గుండె నొప్పి రాదని ఎవరు చెప్పగలరు? యాంజియో తీస్తే మొదట కనిపించేది ఆ స్టెంటే. మా ఆయన కూడా కాస్త ఊగాడు. "అందరూ అలాగే చేస్తారటే" అన్నాడు. "ఏమండీ, ఏడాదికి అన్ని వేలు కట్టి, చివర్న వాళ్లతో లేదనిపించుకోవడానికా?" అన్నాను. ఏజెంటు టీ తాగి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మైగ్రేషన్. గ్రూప్ పాలసీలో ఉన్నవాళ్లు బయటికి వచ్చేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారవచ్చు. గ్రూప్‌లో గడిపిన కాలం వెయిటింగ్‌లో లెక్కకొస్తుంది. రిటైర్మెంట్‌కు రెండు నెలల ముందే ఆ కంపెనీ బ్రాంచికి వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి అలాంటిదేమీ లేదు, కొత్తగా తీసుకోండి అన్నాడు. వాదించకుండా ఇంటికొచ్చి ఈ-మెయిల్ రాశాను. పాలసీ నంబరు, ఎన్నేళ్ల నుంచి ఉన్నాం, ఎప్పుడు రిటైరవుతున్నాను, ఏ నిబంధన కింద అడుగుతున్నాను, అంతే. కాపీ వాళ్ల దగ్గర ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు పెట్టాను. జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసాలో వేద్దామని, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో ఉన్న, బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళదామని అనుకున్నాను. అంతదూరం పోలేదు. రెండు వారాల్లో ఫారం పంపించారు. అప్పుడూ మెడికల్ టెస్టులు చేశారు, రిపోర్టులు అడిగారు. మైగ్రేషన్ అంటే కళ్లు మూసుకుని ఇచ్చేస్తారని అనుకోవద్దు.

చివరికి ఇద్దరికీ చెరొక 5 లక్షల పాలసీ ఇచ్చారు. ఇందులో మెలిక ఒకటి ఉంది. కంపెనీ గ్రూప్ పాలసీ 3 లక్షలది. కాబట్టి వెయిటింగ్ మాఫీ ఆ 3 లక్షల వరకే. పెంచిన 2 లక్షలకు పాత జబ్బుల విషయంలో మళ్లీ 36 నెలలు ఆగాలి. మా ఆయన పాలసీకి 20 శాతం కో-పే పెట్టారు, అంటే ప్రతి బిల్లులో ఐదో వంతు మాది. ఫ్లోటర్, అంటే ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ, వద్దనుకున్నాం. ఫ్లోటర్‌లో పెద్దవాళ్ల వయసు ప్రకారం ప్రీమియం ఉంటుంది, ఒకరు వాడుకుంటే రెండోవాళ్లకు తగ్గిపోతుంది. రెండూ కలిపి ప్రీమియం 46,000. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు గనుక అంతే. అంతకుముందు అయితే 18 శాతంతో 54,280 అయ్యేది.

పాలసీ పుస్తకం వచ్చాక 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ రోజుల్లో పెన్సిల్ పట్టుకుని మొత్తం చదివాను. నేను ముందు చూసింది రూమ్ రెంట్. మా పక్కింటాయనకు జరిగింది కళ్లారా చూశాను గనుక. ఆయనది 5 లక్షల పాలసీ, రూముకు రోజుకు ఒక శాతం, అంటే 5,000 దాకా ఇస్తారు. ఆయన 8,000 రూము తీసుకున్నాడు. రోజుకు మూడు వేలు తేడా కట్టుకుంటే సరిపోతుందనుకున్నాడు. డిశ్చార్జినాడు తెలిసింది, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారని. వాటికైన 1,60,000లో ఐదు బై ఎనిమిదో వంతు, అంటే లక్ష మాత్రమే వచ్చింది. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఈ కోత ఉండదు, ఐసీయూకూ ఉండదు. అయినా 60,000 పోయాయి, రూము తేడా అదనం. మా పాలసీలో సింగిల్ ప్రైవేట్ రూము అని ఉంది, రోజుకు ఇంత అని రాయలేదు. అది చాలు.

శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి, ప్రోస్టేట్ లాంటివాటికి రెండేళ్ల వెయిటింగ్ అని మరో పేజీలో ఉంటుంది. ఇది గుండె జబ్బు వెయిటింగ్‌కు సంబంధం లేనిది, జబ్బు పాలసీ తర్వాత వచ్చినా ఆగాల్సిందే. మాకు గ్రూప్‌లో గడిచిన కాలం వల్ల 3 లక్షల దాకా ఈ బాధ లేదు. నాకు మోకాళ్లు ఇప్పటికే కటకటమంటున్నాయి. 2017లో ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్ల ధరకు సీలింగ్ పెట్టాక ఇంప్లాంటు ఖర్చు తగ్గింది. కానీ ఆసుపత్రి ప్యాకేజీలో ఇంప్లాంటు ఒక భాగమే.

ప్రీమియం ఇంతటితో ఆగదని తెలుసు. 60 దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పింది. వినడానికి బాగుంది. కానీ ఏటా 10 శాతమే పెరిగినా మా 46,000 ఎనిమిదేళ్లలో 98,000 దాటుతుంది. ఎక్సెల్‌లో ఆ గడి చూసి మా ఆయన, "అప్పటికి నేనుంటానో లేనో" అన్నాడు. ఉంటారనే లెక్క వేస్తున్నానండీ అన్నాను. ఉండనని లెక్క వేసుకుంటే ఏ పాలసీ అక్కర్లేదు.

హెల్త్ ప్రీమియం మీద పన్ను మినహాయింపు, సెక్షన్ 80డీ పేరుతో తెలిసినది, దాని గురించి చాలామంది అడుగుతారు. సీనియర్ సిటిజన్లకు 50,000 దాకా మినహాయింపు ఉంది, కానీ పాత పన్ను విధానంలోనే. రిటైరయ్యాక మాకు పన్ను పడేంత ఆదాయమే లేదు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

డబ్బు సంగతికొస్తే, పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 27 లక్షలు వచ్చాయి. అందులో 15 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశాను. నాకు ఇంకా 60 రాలేదు కదా అని కౌంటర్లో అడిగారు. 55 దాటి రిటైరైనవాళ్లు ఆ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేసుకోవచ్చు, రిటైర్మెంట్ డబ్బుకు మించకూడదు, అంతే. కంపెనీ నుంచి లెటర్ తీసుకుని వెళితే సరిపోయింది. వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి 30,750 పడుతుంది. ఏడాదికి 1,23,000. ఈపీఎస్ పెన్షన్ ఏడాదికి 48,000 కలిపితే 1,71,000. ఈ డబ్బుకు వైద్యం అని పేరు పెట్టి వేరే బ్యాంకు అకౌంటులోకి మళ్లించాను. ఇంటి ఖర్చు షాపు మీద, పై పోర్షన్ అద్దె మీద నడుస్తుంది.

ఖర్చు వైపు పాలసీలు 46,000, సూపర్ టాప్-అప్ 14,000. మందులు, పరీక్షలు, పళ్లు, కళ్లు పాత లెక్కలో 1,42,000. ఇది కలిపితే రెండు లక్షలు దాటుతుంది, రాబడి చాలదు. తగ్గించగలిగింది మందులే. గుండె డాక్టరు గారిని సూటిగా అడిగాను, జన్ ఔషధి షాపుల్లో ప్రభుత్వం చవకగా అమ్మించే జెనరిక్ మందులు వాడొచ్చా అని. చీటీలోని మందుల పేర్లు పెద్దక్షరాలతో రాసిచ్చి, షుగరు, బీపీ రీడింగులు నెల రోజులు రాసుకుని రమ్మన్నారు. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ అక్కడ దొరుకుతున్నాయి. రీడింగుల్లో తేడా రాలేదు. నెల ఖర్చు 6,800 నుంచి 3,700కు దిగింది. షుగరుకు ఒక కొత్త మాత్ర, అత్తగారి చుక్కల మందు అక్కడ దొరకవు, అవి పాత షాపులోనే. స్టాకు ఒక్కోసారి ఉండదు, అందుకని పది రోజుల ముందే వెళతాను. ఇప్పుడు మొత్తం ఖర్చు ఏడాదికి 1,65,000. రాబడి 1,71,000. ఈ ఏడాదికి సరిపోయింది. వడ్డీ రేటు ఐదేళ్లు కదలదు, ఖర్చు మాత్రం ఏటా కదులుతుంది. అందుకే మా ఆయన షాపు ఇప్పుడే మూసేస్తానంటే నేను ఒప్పుకోలేదు.

మిగతా డబ్బులో 6 లక్షలు ఆసుపత్రి, ఆయా ఖర్చుల కోసం కదపకుండా పెట్టాను. సీనియర్ సిటిజన్స్ స్కీము మధ్యలో తీస్తే కోత ఉంటుంది, కాబట్టి అర్ధరాత్రి అవసరానికి అది పనికిరాదు. 2 లక్షలు జాయింటు అకౌంటులో, ఇద్దరిలో ఎవరైనా తీసేలా. 4 లక్షలు ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయకుండా లక్ష లక్షగా నాలుగు. అవసరమైతే ఒకటి విరగ్గొడితే మిగతావి నడుస్తుంటాయి. ఈ 6 లక్షలకు లెక్క ఇలా వేశాను: మా ఆయన కో-పే గరిష్ఠంగా లక్ష, పెంచిన 2 లక్షల మీద వెయిటింగ్ ఉంది గనుక ఆ రెండు లక్షలు, మిగిలింది అత్తగారికి జరిగినట్టే మాలో ఒకరికి జరిగితే ఇంట్లో అయ్యే ఖర్చు. బాత్రూముల్లో గోడకు స్టీలు హ్యాండిళ్లు, గరుకు టైల్స్ వేయించడానికి అయింది ఆయా ఒక నెల జీతమంత కూడా కాదు.

అన్నిటికన్నా కష్టమైంది మా ఆయనకు ఇవన్నీ నేర్పించడం. "నువ్వున్నావుగా" అంటాడు. ఆసుపత్రిలో పడేది నేనైతే? ఒక ఫైలు పెట్టాను. పైన ఒకే పేజీ, తెలుగులో: ముందు ఏ కార్డు ఇవ్వాలి, ఎవరికి ఫోన్ చేయాలి, క్యాష్‌లెస్‌కు (బిల్లు బీమా కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడానికి) అనుమతి గంటలో ఇవ్వాలి, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎవరిని అడగాలి. బిల్లు 5 లక్షలు దాటేలా ఉంటే రెండో కంపెనీకి, అంటే సూపర్ టాప్-అప్ వాళ్లకు కూడా మొదటి రోజే చెప్పాలి. అసలు బిల్లులు మొదటి కంపెనీకి పోతాయి గనుక, రెండోవాళ్లకు ఆసుపత్రి స్టాంపు వేసిన కాపీలు, మొదటివాళ్ల సెటిల్‌మెంట్ లెటర్ కావాలి. కింద స్టెంట్ డిశ్చార్జి సమ్మరీ, ఈసీజీలు, మందుల చీటీలు తేదీల వరసలో. ఫైలు ఫొటోలు అమ్మాయి ఫోన్లో కూడా ఉన్నాయి. ఆయన చేత ఒకసారి ఉత్తుత్తిగా టోల్‌ఫ్రీకి ఫోన్ చేయించి, మా ఇంటికి దగ్గర్లో నెట్‌వర్క్ ఆసుపత్రులు అడిగించాను. రెండేళ్ల కిందటి లిస్టులో ఉన్న ఒక ఆసుపత్రి ఇప్పుడు లేదని అప్పుడే తెలిసింది. అందుకని ప్రతి రెన్యువల్‌కూ ఆ లిస్టు మళ్లీ చూడాలని క్యాలెండర్‌లో రాసుకున్నాను.

తేలనిది ఒకటే మిగిలింది. గన్నవరం దగ్గర మాకు చిన్న స్థలం ఉంది. దాన్ని ఇప్పుడే అమ్మి ఈ ఫండులో కలపాలని నా ఆలోచన. ఎందుకంటే ఆసుపత్రిలో ఉండి అమ్మితే కొనేవాడు చెప్పిందే ధర. అమ్మాయికి ఇద్దామనుకున్న స్థలం కదా అని మా ఆయన బాధ. అమ్మాయిని అడిగితే, "అమ్మా, నాకు స్థలం వద్దు, మీ బిల్లుల కోసం నేను లోను తీసుకునే పరిస్థితి రాకుంటే చాలు" అంది. అప్పటినుంచి ఆయన కొంచెం మెత్తబడ్డాడు. సంక్రాంతికి మరుదులు వచ్చినప్పుడు స్థలం సంగతితో పాటు అత్తగారి ఆయా ఖర్చు మళ్లీ వస్తే ఎవరెంత అన్నది కూడా మాట్లాడాలని షీటులో మరో వరస కలిపి ఉంచాను.